భానోజీ మొహమాట లోపం

గేదెల భానోజీరావుకి మొహమాటం లేదన్న సంగతి ఊరందరికీ తెలుసు. ఆ లోటును సర్కారు ఖర్చుతో పూడ్చవచ్చునన్న సంగతి మాత్రం పురజలమండలి వారే కనిపెట్టారు.

మొహమాటం లేకుండా మన వైపు బతకడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? పెళ్ళి భోజనంలో వడ్డించేవాడు బూరెల పళ్ళెం పట్టుకుని వంగాడనుకోండి. రెండు చేతులూ విస్తరి మీద అడ్డం పెట్టి "వద్దు, వద్దు" అనాలి. అంటూనే వేళ్ళ మధ్య సందు వదలాలి. ఆ సందులోంచి బూరె పడ్డాక "అయ్యో, ఎందుకండీ" అని నొచ్చుకుని తినాలి. అదీ పెద్దమనిషి లక్షణం. మొహమాటానికి పోతే ఏమయిందో చెప్పే సామెత ఒకటుంది, అది మీకూ తెలుసు, పైకి అనడానికి నాకు మొహమాటం.

భానోజీ అలా కాదు. కావాలంటే "వెయ్యండి" అనేవాడు. వద్దంటే వద్దే, వేళ్ళ మధ్య చీమ దూరే సందు కూడా ఉండేది కాదు. జలమండలి సూపరింటెండెంటు ధర్మారావు గారు కొత్త ఇంటి గృహప్రవేశం నాడు, పట్టుపంచె కట్టుకుని, "ఇల్లెలా ఉందోయ్?" అని ఎదురుగా నిలబడి అడిగితే, "వంటగదిలోకి వెలుతురు రాదండి" అన్నాడు. నిజంగానే వెలుతురు రాలేదు. ఆ వంటగదిలో పగలు లైటు వేసినప్పుడల్లా ధర్మారావు గారికి భానోజీ గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయేది.

అలాంటి మనిషికి దేవుడే చూసి ఇచ్చినట్టు, మండలిలో ఫిర్యాదుల కిటికీ దొరికింది. కిటికీకి ఊచలు. ఊచల అవతల జనం. "బాబూ, మా వీధికి నీళ్ళొస్తాయా?" అని అడుగుతారు. వచ్చేటట్టుంటే "సాయంత్రం వస్తాయి" అంటాడు. రానట్టయితే "ఇవాళ రావు, రేపు పొద్దున్న" అంటాడు. అడిగినవాళ్ళు బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోతారు. ఇంటిల్లిపాదీ కులాసాయేనా అని అడగక్కర్లేదు, మొహంలోకి చూసి నవ్వక్కర్లేదు. అడిగినదానికి జవాబు, జవాబుకి తగ్గ పని. ఆ కిటికీ దగ్గర కూర్చున్నంతసేపూ భానోజీకి లోకం తనకి కూడా అర్థమయ్యే భాషలో నడుస్తున్నట్టు ఉండేది. అంతకంటే అతనికేమీ అక్కర్లేదు. ప్రమోషను ఇస్తామన్నా ఆ కిటికీ వదల్లేదు.

ఒక్కటే బాధ. లోపలి అధికారులు అటెండర్లని పిలిచే కరెంటు గంట సరిగ్గా అతని నెత్తిమీద గోడకి ఉండేది. అది మోగినప్పుడల్లా అందరికీ చెవిలో మోగేది, అతనికి మాత్రం పుర్రెలో మోగేది. సాయంత్రానికి ఇంటికెళ్ళి చీకటి గదిలో దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. భార్య గౌరీశ్వరి చూసి చూసి, ఒక శనివారం విశాఖపట్నం పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన తలకి ఫోటో తీయలేదు. చిన్నప్పటి సంగతులు, బడి సంగతులు, పెళ్ళి సంగతులు గుచ్చి గుచ్చి అడిగాడు. మరో రెండుసార్లు రమ్మన్నాడు. చివరికి, "మీకు ఆటిజం ఉందండీ. పుట్టుకతోనే ఉంది, ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు. ఇది జబ్బు కాదు, మందు లేదు, అక్కర్లేదు కూడా. మీ మెదడు తీరు వేరు, అంతే," అని కాగితం రాసిచ్చాడు.

తిరుగు బస్సులో భానోజీ కిటికీ వైపు మొహం పెట్టుకుని ఏడ్చాడు. నలభై దాటేవరకూ తిక్కోడు, పొగరుమోతు, మనుషుల్తో కలవని మొండి ఘటం అని అందరూ అంటుంటే, కాబోలు, నాలోనే ఏదో చెడ్డతనం ఉందనుకుని బతికాడు. చెడ్డతనం కాదట. ఆ మాట ఒకరు కాగితం మీద రాసివ్వడం అతనికి ఎంతో సుఖంగా ఉంది.

ఊరు దగ్గరపడుతుండగా గౌరీశ్వరి, "అయితే ఏవండీ, నన్ను చూసుకోడానికొచ్చినప్పుడు, నా పాట బాలేదు, జుట్టు మాత్రం చాలా బాగుంది అన్నారు కదా," అంది.

"అన్నాను."

"ఆ జుట్టు మాటా నిజమేనన్నమాట. నేనింతకాలం పాట బాలేదన్నాక నన్ను ఊరుకోబెట్టడానికి అన్నారేమో అనుకుంతన్నాను." అని పక్కకి తిరిగి నవ్వుకుంది.

సోమవారం నాడు భానోజీ ఆ కాగితానికి చిన్న అర్జీ జతచేసి ఆఫీసులో ఇచ్చాడు. గంటని రెండు గజాలు అవతలకి జరిపించవలసిందిగా ప్రార్థన. అంతే అడిగాడు. ఒక స్క్రూడ్రైవరు, ఒక మనిషి, కాస్త తీగ ఉంటే టీ తాగేలోపు అయ్యే పని. గోటితో పోయేదానికి గొడ్డలి వాడకపోతే అది ఆఫీసు ఎలా అవుతుంది?

ధర్మారావు గారు కాగితం చదివి కళ్ళజోడు తీశారు. "ఆటిజం చిన్నపిల్లలకి కదటయ్యా వచ్చేది? నీకు మీసాలున్నాయి."

"ఆ పిల్లలే పెద్దవాళ్ళవుతారండి," అన్నాడు భానోజీ.

"అదిగో, చూశావా? ఎదురు సమాధానం. ఇదే జబ్బు."

మధ్యాహ్నానికి వార్త ఆఫీసంతా పాకింది. పక్క సీటు ఆవిడ తన టిఫిను డబ్బా మూత గట్టిగా బిగించి, "అంటుకుంటుందేటండీ?" అని అడిగింది. నిన్నటిదాకా మామూలుగా మాట్లాడినవాళ్ళు ఇవాళ్టి నుంచి అరుస్తూ, ఒక్కొక్క మాటా విడగొట్టి, "భా-నో-జీ, టీ తా-గు-తా-వా?" అనడం మొదలుపెట్టారు. "చూస్తే అలా లేవే!" అని మెచ్చుకున్నవారు కొందరు. అకౌంట్సు సెక్షను వాళ్ళు, ఇలాంటివాళ్ళకి గొప్ప శక్తులుంటాయట అని ఎక్కడో విని, పెద్ద పెద్ద గుణకారాలు పట్టుకొచ్చారు. "క్యాలికులేటర్ మీ బల్లమీదే ఉంది కదండీ," అని భానోజీ అంటే నిరాశపడి వెళ్ళిపోయారు. మొత్తానికి సగం మంది పిచ్చివాడన్నారు, సగం మంది మేధావి అన్నారు. గుమాస్తా అని మాత్రం ఒక్కరూ అనలేదు.

అర్జీ పైకి వెళ్ళింది. మండలి మేనేజింగ్ డైరెక్టరు విశ్వమోహన్ గారు అప్పుడే ఏదో కొండమీది ఊళ్ళో "మానవీయ పరిపాలన" మీద సదస్సుకి వెళ్ళొచ్చారు. మానవత్వం చూపించడానికి ఎవరైనా దొరికితే బాగుండునని ఆయన వారం రోజులుగా ఎదురుచూస్తున్నారు. వెంటనే భానోజీని కూడా పిలిచి సమావేశం పెట్టారు.

"ఈ వైద్య నివేదికను నేను ఆమూలాగ్రం పరిశీలించాను," అన్నారాయన. "డాక్టరు గారు చుట్టు తిప్పి రాశారు గానీ, సారాంశం ఒక్కటే. సదరు ఉద్యోగిలో మొహమాటం కొరవడింది. మనది జలమండలి. ఎక్కడ కొరత ఉంటే అక్కడికి సరఫరా చేయడం మన ధర్మం. కనుక సదరు ఉద్యోగికి మొహమాటం సరఫరా చేద్దాం."

"సార్, నేను గంట జరపమని అడిగానండి," అన్నాడు భానోజీ.

"అది లక్షణం. మనం మూలానికి పోతున్నాం."

ధర్మారావు గారు గొంతు సవరించుకున్నారు. "సరఫరా చేసినా ఎక్కకపోతేనండీ?"

"పరీక్ష పెడదాం. ఉత్తీర్ణుడైతే కిటికీ దగ్గర కొనసాగుతాడు. కాని పక్షంలో వైద్య కారణాల మీద ముందస్తు విరమణ. పూర్తి గౌరవంతో, దండ వేసి, మానవీయంగా."

అందరూ బల్ల చరిచారు. భానోజీ మాత్రం చరవలేదు. కిటికీ లేకపోతే తను పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలి?

శిక్షకుడి కోసం ఎక్కువ వెతకక్కర్లేకపోయింది. మండలిలోనే పనిచేసి రిటైరైన పేరిశాస్త్రి గారికి జిల్లాలో మొహమాటంలో సాటి లేరు. ఒకసారి ఆయన దారి తప్పి వేరే కల్యాణమండపంలోకి వెళ్ళి, ఎవరో ఎదురొచ్చి పన్నీరు చల్లేసరికి, నేను మీ పెళ్ళికి రాలేదు అని చెప్పలేక, ఎవరిదో తెలియని పెళ్ళిలో తలంబ్రాల దాకా కూర్చుని, ఫోటోలో పెళ్ళికూతురి పక్కన నిలబడి, వియ్యాలవారి బస్సెక్కించేస్తే ఎక్కి, మూడో జిల్లాలో దిగారు. శిక్షకుడిగా రమ్మంటే ఆయనకి రావాలని ఏ కోశానా లేదు. కానీ కాదనలేకపోయారు.

శిక్షణ తరగతి కోసం ఇంకో గంట కొన్నారు. దాన్ని కూడా మొదటి గంట పక్కనే, భానోజీ నెత్తిమీదే బిగించారు. అక్కడైతే తీగ ఎలాగూ ఉంది.

మొదటి పాఠం కాఫీ.

"చూడు నాయనా," అన్నారు శాస్త్రి గారు. "ఎవరైనా కాఫీ తాగుతారా అంటే, ముందు వద్దనాలి."

"నాకు కావాలండి."

"కావాలి కనుకనే వద్దనాలి. రెండోసారి అడుగుతారు. అప్పుడూ వద్దు, ఇప్పుడే తాగొచ్చాను అనాలి. మూడోసారి అడిగితే, సరే, మీ మాట కాదనలేక, సగం చాలు అనాలి."

"సగమే ఇస్తే?"

"నిండానే ఇస్తారు."

"మరి నిజంగా అక్కర్లేకపోతే ఏమనాలండి?"

శాస్త్రి గారు వేళ్ళమీద లెక్క పెట్టుకున్నారు. "అప్పుడూ వద్దనే అనాలి."

"అప్పుడు ఇవ్వరా?"

"ఇస్తారు. అలాగే తాగి తాగి నాకు కడుపులో పుండు పడింది," అని ఆయన పొట్ట నిమురుకున్నారు. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి కాబోలు, అన్నాక తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఆనాటి నుంచి గురుశిష్యులకి బాగా కుదిరింది. శాస్త్రి గారు పాఠం చెప్పేవారు, భానోజీ ప్రశ్నలు అడిగేవాడు, మధ్యలో శాస్త్రి గారే తన జీవితం గురించి కంగారుపడిపోయేవారు.

ఇది ఇక్కడితో ఆగేదే. కానీ మండలి న్యాయ సలహాదారు ఒక చిక్కు లేవదీశాడు. ఒకే ఉద్యోగికి శిక్షణ ఇస్తే వివక్ష కిందికి వస్తుందట. ఆటిజం ఉన్నవారి పట్ల వివక్ష చూపడం చట్టరీత్యా తగదు. కాబట్టి మొహమాటాన్ని అందరికీ సమానంగా విధించాలి. విశ్వమోహన్ గారి కళ్ళు మెరిశాయి. మర్నాడే సర్క్యులర్ వచ్చింది.

"తెలియజేయునది ఏమనగా, మండలి సిబ్బంది యావన్మందియు ఇకమీదట కార్యాలయ వ్యవహారములందు సముచిత మొహమాటమును పాటించవలెను. ఏ ప్రతిపాదననైనను తొలి రెండు పర్యాయములు నిరాకరించి, మూడవ పర్యాయము మాత్రమే అంగీకరించవలెను. తొలి రెండు నిరాకరణములు నిరాకరణములుగా పరిగణింపబడవు. ప్రజలతో లేదు, రాదు, కాదు అను కటువు పదములు నిషిద్ధము. వాని స్థానమున చూద్దాం అనవలెను."

ఆ రోజు నుంచి ఆఫీసు మర్యాదతో కిటకిటలాడిపోయింది. మీటింగు గదిలోకి మీరు ముందంటే మీరు ముందని గుమ్మం దగ్గరే గంట గడిచేది. లోపలికి వెళ్ళాక "కూర్చోండి", "అబ్బే, మీరు కూర్చోండి" అనుకుంటూ అందరూ నిలబడే తీర్మానాలు చేసేవారు. బిల్ కలెక్టరు ఒకాయన భార్యకి నొప్పులొస్తున్నాయని ఆసుపత్రి నుంచి ఫోనొస్తే, ధర్మారావు గారు జాలిపడి "సెలవిస్తున్నాను, వెళ్ళవయ్యా," అన్నారు. అతను నియమం ప్రకారం "వద్దులెండి సార్, ఇక్కడ పనుంది," అన్నాడు. పది నిమిషాలకి మళ్ళీ అన్నారు, మళ్ళీ వద్దన్నాడు. మూడోసారి అనేలోపు ధర్మారావు గారికి వేరే ఫైలు వచ్చింది. సాయంత్రం అతను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి బిడ్డ పుట్టి, పాలు తాగి, నిద్రపోయింది.

కటువు పదాలు మానలేని భానోజీని శిక్షణ పూర్తయ్యేదాకా కిటికీ నుంచి తప్పించారు. ఆ స్థానంలో నవ్వు మొహం గల కుర్రవాణ్ణి కూర్చోబెట్టారు. "బాబూ, నీళ్ళొస్తాయా?" అంటే "చూద్దాం అమ్మా," అంటాడు. "ఎప్పుడు?" అంటే "చూద్దాం." జనం ఆ చూద్దాంని నమ్ముకుని బిందెలు కుళాయి కింద పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. భానోజీ తరగతి గదిలోంచి ఆ మాటలు వింటూ, చెప్పెయ్యవయ్యా, రావని చెప్పెయ్యి, పాపం వాళ్ళకి పనులుంటాయి అని లోపల్లోపల నలిగిపోయేవాడు.

చివరికి ఆ మర్యాద పంపుహౌస్ దాకా పాకింది. పూర్వం ఆపరేటరు సింహాచలం పొద్దున్నే ఫోను చేసి "ట్యాంకు నిండింది, ఒదిలీమంటారా?" అనేవాడు. ఇటు నుంచి "ఒదులు" అనేవారు. ఊళ్ళోకి నీళ్ళు వచ్చేవి. ఇప్పుడు డ్యూటీలో ఉన్న గుమాస్తా, పక్క గదిలో భానోజీకి వినపడేలా, "అబ్బే, మీకెందుకండీ శ్రమ," అన్నాడు.

"నాకేటి శ్రమండీ, వాల్వు తిప్పీడమే కదా. ఒదిలీమంటారా?"

"వద్దులెండి. ఉండనివ్వండి."

ఇక మూడోసారి అడగాలి. కానీ సింహాచలానికీ శిక్షణ అయింది. మాటిమాటికీ అడిగితే వీడికేమిటీ ఆత్రం అనుకుంటారేమోనని మొహమాటపడి, ఫోను పెట్టేశాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ట్యాంకు నిండి పొర్లిపోతోంది. ఊళ్ళో కుళాయిలు ఎండిపోయాయి.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడిగేవాడు లేక కాదు, మూడోసారి అడిగేవాడు లేక ఊరు దాహంతో మాడింది. ఈ సంగతి విశ్వమోహన్ గారికి ఎవరైనా చెప్పొచ్చు. కానీ ఆయన కనిపించగానే "ఊరెలా ఉంది?" అనేవారు, అందరూ "మీ దయవల్ల బాగుందండి" అనేవారు. పెద్దాయన ఇబ్బంది పడకూడదని ఆయన బంగళాకి గుట్టుగా ట్యాంకరు పంపేవారు. ధర్మారావు గారి ఇంట్లో స్నానాలు మానేశారు గానీ ఆయన నోరు మెదపలేదు.

పరీక్ష ముందు రోజు గౌరీశ్వరి ఇంట్లో రిహార్సలు చేయించింది. ఒంటి బిందె నీళ్ళతో వంట ముగించి, చెమట తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నేను డైరెక్టరునండీ. మన పథకం ఎలగుంది?"

"బాలేదు. ఊళ్ళో నీళ్ళు లేవు."

"అలగనకండి బాబూ! మీ దయవల్ల బాగుందండి అనండి."

"అది అబద్ధం కదా?"

"అబద్ధం కాదండీ, మర్యాద."

"రెండింటికీ తేడా ఏంటి?"

గౌరీశ్వరి ఆలోచించి, "మర్యాదకి నవ్వాలి," అంది. ఆ తరవాత అతని చొక్కా గుండీ సరిచేసింది. "నాకు మీరిలగే ఇష్టం. కానీ ఆ కిటికీ లేకపోతే మీరు మీలాగ ఉండరు. నాకు తెలుసు. ఒక్క పూట ఓర్చుకోండి."

భానోజీ ఆ రోజంతా అద్దం ముందు నిలబడి నవ్వు నేర్చుకున్నాడు. నేర్చుకోవడం అతనికి చేతకానిది కాదు. ఇష్టం లేనిది, అంతే. నియమమంటూ ఒకటి చెబితే అందరికంటే నికార్సుగా పాటించగలడు.

పరీక్ష మండలి మీటింగు గదిలో జరిగింది. విశ్వమోహన్ గారు మధ్యలో, ఒక పక్క న్యాయ సలహాదారు, ఇంకో పక్క ధర్మారావు గారు. శాస్త్రి గారు మూలనున్న స్టూలు మీద కూర్చున్నారు. కుర్చీ చూపించినా మొహమాటపడ్డారు.

"కూర్చో భానోజీ," అన్నారు డైరెక్టరు గారు.

"పర్వాలేదండి."

"కూర్చోవయ్యా."

"అబ్బే, నిలబడే అలవాటండి."

"పర్లేదు, కూర్చో."

"మీ మాట కాదనలేకండి," అని కుర్చీ అంచున కూర్చున్నాడు. సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ధర్మారావు గారు తన ఇంటి వంటగది గురించి అడిగారు. "ఎండ కళ్ళలో కొట్టకుండా చల్లగా ఉంటుందండి," అన్నాడు. ధర్మారావు గారి మొహం విప్పారింది. ఆయన ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట అది.

"మన కొత్త పథకం ఎలా ఉంది?" అన్నారు విశ్వమోహన్ గారు.

భానోజీకి పొద్దున్న వీధిలో ఖాళీ బిందెలతో తిరుగుతున్న ఆడవాళ్ళు కళ్ళముందు మెదిలారు. కిటికీ గుర్తు తెచ్చుకుని, కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని, "మీ దయవల్ల బాగుందండి," అని నవ్వాడు.

"అద్భుతం!" అన్నారు డైరెక్టరు గారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఊళ్ళో ఆ వారం కనిపించిన నీళ్ళు అవే. "నూటికి నూరు. భానోజీ, ఇదిగో, నీ కిటికీ నీకు తిరిగి ఇచ్చేస్తున్నాం. రేపటి నుంచి వచ్చి కూర్చో."

భానోజీ కుర్చీలోంచి సగం లేచాడు. కానీ పాఠం పాఠమే. "వద్దండీ," అన్నాడు.

"అదేమిటయ్యా, తీసుకో."

"వద్దులెండి. నాకెందుకండీ."

రెండైపోయాయి. ఇంకొక్కసారి అడిగితే చాలు. జవాబు పెదవుల దాకా వచ్చి కూర్చుంది. డైరెక్టరు గారు నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడు న్యాయ సలహాదారు ఆయన చెవి దగ్గరికి వంగాడు.

"సార్, ఆటిజం ఉన్నవారి విషయంలో ఒక మార్గదర్శకం ఉంది. వాళ్ళు ఏ మాట అంటే ఆ మాటే తీసుకోవాలి. వెనక అర్థాలు వెతకడం వాళ్ళని అవమానించినట్టవుతుంది."

విశ్వమోహన్ గారు చలించిపోయారు. "నిజమే సుమండీ. అందరి వద్దూ వద్దు కాదు గానీ, ఇతని వద్దు మాత్రం వద్దే. అతని అభిమతాన్ని గౌరవిద్దాం. రాయండి. సదరు ఉద్యోగి స్వయముగా రెండు పర్యాయములు నిరాకరించినందున, కిటికీ స్థానము వేరొకరికి కేటాయించి, ఇతనికి ముందస్తు విరమణ మంజూరు చేయడమైనది."

మూలన స్టూలు కిందపడింది. శాస్త్రి గారు లేచి నిలబడ్డారు. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనని మాట అది. "కాదు," అన్నారు. "కాదండీ. ఇది అన్యాయం. అతనికి ఆ కిటికీ కావాలి."

డైరెక్టరు గారు ముచ్చటపడి నవ్వారు. "చూశారా శాస్త్రి గారి మొహమాటం! శిష్యుడు గెలిచాడన్న పొగడ్త తీసుకోలేక, కాదు కాదు అంటున్నారు. పెద్దల పెద్దరికం అంటే అదీ."

శాస్త్రి గారు ఇంకోసారి "కాదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన గోడకి ఆనుకుని నిలబడిపోయారు.

ఇక భానోజీ ఉండబట్టలేకపోయాడు. "సార్, నేను వద్దన్నది మీరు నేర్పిన మొహమాటానికండి. నాకు నా కిటికీ కావాలి. అదొక్కటే కావాలి."

ధర్మారావు గారు నిట్టూర్చారు. "మూడోసారి అడక్కుండానే కావాలనేశాడండీ."

"అయ్యో," అన్నారు డైరెక్టరు గారు, నిజంగానే బాధపడుతూ. "అంతా బాగా రాసి ఆఖర్న తప్పిపోయావే! ఇంక నేనేం చెయ్యను?"

వద్దన్నందుకు కిటికీ పోయింది. కావాలన్నందుకు పరీక్ష పోయింది. భానోజీ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. మూడో దారి కనిపించలేదు.

"తప్పిపోయాను కదండీ. ఇప్పుడు ఉన్నమాట చెప్పొచ్చా?"

"ఇక నీ ఇష్టం."

"ఊళ్ళో నీళ్ళు లేవండి. పథకం బాలేదు."

డైరెక్టరు గారు కుడివైపు చూశారు. "అబ్బే, అదేం లేదండీ," అన్నాడు సలహాదారు. ఎడంవైపు చూశారు. "మీ దయవల్ల..." అన్నారు ధర్మారావు గారు, వారం రోజుల ఒంటి జిడ్డుతో. డైరెక్టరు గారు అనుమానం తీరక లేచి గది మూలనున్న కుళాయి తిప్పారు. గాలి బుస్సుమంది. చుక్క రాలేదు. మళ్ళీ తిప్పారు. రాలేదు. ఆయన మొహం మెల్లగా వెలిగింది.

"రెండుసార్లు వద్దంది!" అన్నారు. "చూశారా, మన పథకం కుళాయి దాకా వెళ్ళింది. ఉండండి, తొందరపడకూడదు. మూడోసారి తీరిగ్గా అడుగుదాం."

అందరూ కుళాయి చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. భానోజీ బయటికొచ్చేశాడు.

గేటు దగ్గర బిందెలు బారులు తీరి ఉన్నాయి. వెనక కొండవీధి ఆడవాళ్ళు. ముందు పోలమ్మ, చేపల బుట్ట మోసి మోసి మెడ ఇనుములా అయిన ముసిల్ది. భానోజీని చూడగానే లేచి వచ్చింది.

"బాబూ, నువ్వా! నీళ్ళొత్తాయేటి?"

"రావు," అన్నాడు భానోజీ.

"అమ్మయ్య!" అంది పోలమ్మ. "ఒక్కడు సెప్పినాడు. ఆ లోపలోడు సూద్దాం సూద్దాం అని మమ్మల్ని మాడ్సి సంపేత్తన్నాడు. ఎందుకు రావు?"

"ట్యాంకు నిండే ఉంది. పంపుహౌస్ వాళ్ళు వదలమంటారా అని రెండుసార్లు అడుగుతారు, వీళ్ళు వద్దంటారు. మూడోసారి అడిగితే సరేనంటారు. అడగడానికి వాళ్ళకి మొహమాటం."

పోలమ్మకి ఇది ఒక పట్టాన బుర్రకెక్కలేదు. ఎక్కాక ఉమ్మేసింది. "సరేలే. రేపు కిటికీ కాడ నువ్వే ఉంతావు గదా? నిన్నే అడుగుతాను."

చూద్దాం అనొచ్చు. శాస్త్రి గారు నేర్పారు, నవ్వు కూడా వచ్చు.

"ఉండను," అన్నాడు భానోజీ. జీవితంలో అతను చెప్పిన నిజాలన్నిట్లోకీ ఎక్కువ నొప్పి పెట్టింది అదే. "నన్ను తీసేశారు."

"ఎందుకు?"

"నాకు మొహమాటం లేదని."

పోలమ్మ వెనక్కి తిరిగి తనవాళ్ళని చూసింది. వాళ్ళు పోలమ్మని చూశారు. కుళాయి దగ్గర కొండవీధి ఆడవాళ్ళ గొంతు ఒక్కసారి విన్నవాడెవడూ వాళ్ళలో మొహమాటం ఉందని ఒట్టేసి చెప్పడు. పోలమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపి, కొంగు నడుముకి బిగించింది.

"మొగమాటం నేపోతే ఉజ్జోగం తీసెత్తారా? అలగైతే మనందర్నీ ఊర్లోంచే తీసెయ్యాల. పదండే! ఆ మూడోపాలి అడిగీది మనం అడుగుదుం."

బిందెలు చంకనెత్తుకుని అందరూ కదిలారు. గుమ్మం దగ్గర వాచ్‌మన్ సర్క్యులర్ ప్రకారం నడుం వంచి, "దయచెయ్యండి అమ్మా," అన్నాడు. వాళ్ళు రెండుసార్లు వద్దనాలి. ఒక్కరూ అనలేదు. మెట్ల మీద బిందెలు గోడలకి కొట్టుకుని గణగణమంటున్నాయి.

సగం మెట్లెక్కాక పోలమ్మ ఆగి, కిందికి వంగి చూసింది.

"నువ్వూ వొత్తావేటి బాబూ?"

"వస్తాను," అన్నాడు భానోజీ, మొదటిసారికే.